డేటా సెంటర్: నేల మీదా, నింగిలోనా?

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్, అంటే భారీ డేటా సెంటర్, ప్రకటించింది. నెల తిరక్కుండానే, సన్‌క్యాచర్ పేరుతో చిప్‌లను కక్ష్యలోకి పంపే పరిశోధన కూడా బయటపెట్టింది. అప్పట్నుంచి అందరూ నన్ను అడిగేది ఒకటే: "పైన ఎండ ఫ్రీ, భూమి కొనక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. మరి కింద కట్టడం దేనికి?"

ఎండ ఫ్రీయే. సరైన కక్ష్య చూసుకుంటే రాత్రన్నదే దాదాపు ఉండదు. నేల మీద కంటే ఎనిమిది రెట్ల దాకా కరెంటు వస్తుందని గూగుల్ అంచనా. అయితే ఈ వ్యాపారంలో కరెంటు బిల్లు అసలెంత? నేను పట్టుబట్టేది ఇక్కడే.

ఏఐ లెక్కలు చేసే ఎన్విడియా హెచ్100 చిప్ ఒకటి తీసుకుందాం. అది 700 వాట్లు తాగుతుంది. చల్లబరచడం, మిగతా సరంజామా కలిపి కిలోవాట్ అనుకోండి. ఏడాదికి 8,760 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల చొప్పున 61 వేలు, ఐదేళ్లకు 3 లక్షలు. చిప్ ధరేమో పాతిక లక్షల చుట్టుపక్కల. పైకెళ్లి మిగుల్చుకునేది ఆ 3 లక్షలే. చిప్ ఎక్కడైనా కొనాల్సిందే.

ఇక పంపే ఖర్చు. 2025 నవంబరులో స్టార్‌క్లౌడ్ సంస్థ ఒక్క హెచ్100తో పంపిన ఉపగ్రహం సుమారు 60 కిలోలు. అది నమూనా, దాన్ని పట్టుకుని ఎగతాళి చేయడం న్యాయం కాదు. సోలార్ పలకలు, వేడిని బయటికి వదిలే రేడియేటర్లు అన్నీ కలిపి కిలోవాట్‌కి 10 కిలోలకు దించారనే అనుకుందాం. ఫాల్కన్ 9 రాకెట్‌లో కిలోకి 3 వేల డాలర్లు వేసుకున్నా 27 లక్షల రూపాయలు. 3 లక్షలు మిగుల్చుకోవడానికి 27 లక్షల కిరాయి! కిలో 200 డాలర్లకు దిగితే 1.8 లక్షలవుతుంది, అప్పుడు మాట్లాడుకోవచ్చు. గూగుల్ లెక్క కూడా ఆ 200 దగ్గరే నిలబడింది, అదీ 2030ల నడుమకి.

"అంతరిక్షం చల్లగా ఉంటుందిగా" అనేవాళ్లు ఫ్లాస్కులో కాఫీ ఎందుకు చల్లారదో గుర్తు తెచ్చుకోండి. చుట్టూ శూన్యం ఉంటే వేడి పరారుణ కిరణాలుగా మాత్రమే పోవాలి. 20 డిగ్రీల దగ్గర చదరపు మీటరు పలక, రెండు వైపులా కలిపి, ముప్పావు కిలోవాట్ వదుల్తుంది. గిగావాట్ (పది లక్షల కిలోవాట్ల) డేటా సెంటర్‌కి 300 ఎకరాలకు పైగా రేడియేటర్లే కావాలి. భూమి కొనక్కర్లేదు సరే, ఆ ఎకరాలన్నీ కిలోల లెక్కన మోసుకెళ్లాలి.

రిపేరు సంగతీ ఉంది. 2010 జులై ఆఖర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చల్లబరిచే అమ్మోనియా పంపు ఒకటి ఆగిపోతే, మార్చడానికి వ్యోమగాములు మూడుసార్లు బయటికి రావాల్సి వచ్చింది. ఇక్కడైతే నైట్ షిఫ్ట్ కుర్రాడు పాత కార్డు లాగేసి, కొత్తది పెట్టి, టీకి పోతాడు.

సముద్రం అడుగున? మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లండ్ దగ్గర 864 సర్వర్లు ముంచి చూసింది. నేల మీద వాటితో పోలిస్తే ఎనిమిదో వంతే చెడిపోయాయి. అయినా ఆ దారి కొనసాగించలేదు.

నా ఓటు నేలకే. పైన పుట్టే డేటా మాత్రం వేరు. తుపాను ఫొటోలన్నీ కిందికి దించకుండా పైనే వడకట్టి కావాల్సిన ముక్క పంపే పనికి, ఒకట్రెండు చిప్‌లు అక్కడ ఉండటం నాకు ఇవాళే సబబుగా తోస్తోంది.

సన్‌క్యాచర్ నమూనా ఉపగ్రహాలు రెండు 2027 మొదట్లో ఎగరాల్సి ఉంది. అవి ఎంత కరెంటు తీశాయన్నది కాదు, కిలోవాట్‌కి ఎన్ని కిలోలు తూగాయన్నది చూస్తాను.