సైక్లాప్స్ అభిమాని గోడు

2006లో వచ్చిన సూపర్‌హీరో సినిమా ‘ఎక్స్-మెన్: ది లాస్ట్ స్టాండ్’ మళ్ళీ చూశాను. కోపం ఇంకా చల్లారలేదు. నేను సైక్లాప్స్ మనిషిని, ముందే చెబుతున్నా. అసలు పేరు స్కాట్, ఎక్స్-మెన్ జట్టుకి నాయకుడు, జట్టులోని జీన్‌ని ప్రాణంగా ప్రేమించినవాడు. అలాంటివాణ్ణి కథ ఊపందుకోకముందే ఆల్కలై లేక్ దగ్గర చంపేశారు. ఆ చావైనా తెరమీద చూపించారా? లేదు! గాల్లో తేలుతున్న అతని కళ్ళద్దాలు జట్టులోని లోగన్‌కి (వుల్వరిన్) దొరుకుతాయి, అంతే. ఇక అక్కడినుంచి జీన్ కోసం ఏడుపూ, క్లైమాక్సూ అన్నీ లోగన్‌వే. లోగన్‌గా హ్యూ జాక్‌మన్ బాగా చేశాడు, కాదనను. కానీ స్కాట్ నిలబడాల్సిన చోట ఆయన్ని చూస్తే నాకు మింగుడుపడదు.

రెక్కలున్న ఏంజెల్‌కి ఇంకా అన్యాయం. చిన్నపిల్లాడు బాత్‌రూమ్‌లో తలుపేసుకుని తన రెక్కలు తానే కోసుకునే సీన్ చూసి ఎంత ఆశపడ్డానో! తర్వాత కిటికీ బద్దలుకొట్టి ఎగిరిపోతాడు, చివర్లో తండ్రిని కాపాడతాడు. పెళ్ళికి భోజనాల వేళకే వచ్చిన చుట్టంలా ఉంది అతని పాత్ర.

విలన్ మాగ్నెటో గోల్డెన్ గేట్ వంతెనని పెకలించి ఆల్కట్రాజ్ దీవి వైపు తిప్పే సీన్ మాత్రం ఇప్పటికీ అదుర్స్. నా రేటింగ్ అయిదుకి రెండున్నర. అందులో ఒకటి అచ్చంగా మాగ్నెటోగా చేసిన ఇయాన్ మెక్‌కెలెన్‌ది.