లసాన్యా సూప్: వేడి మీద భేష్, మర్నాటికి ముద్ద

పాస్తా రేకులు, కీమా, టమాటా, చీజ్ పొరలుగా పేర్చి అవెన్‌లో కాల్చేది లసాన్యా. అవే గిన్నెలో సూప్‌గా మరిగిస్తే లసాన్యా సూప్. దాని రుచి మీద నాకు ఫిర్యాదు లేదు. పేచీ అంతా ‘ఒకే గిన్నె వంట’ అన్న మాటతోనే. రెండేళ్లుగా వండుతున్నాక తేలిందేమిటంటే, ఆ మాట వడ్డించిన మొదటి అరగంట వరకే చెల్లుతుంది.

తప్పు పాస్తాది. 200 గ్రాముల ఎండు పాస్తా ఉడికేసరికి దాదాపు 450 గ్రాములవుతుంది. పోనీ అక్కడితో ఆగుతుందా అంటే, పొయ్యి కట్టేశాక కూడా సూప్‌ని తాగుతూనే ఉంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మూత తీస్తే, అందులో గరిట నిలబడుతుంది. నీళ్లు పోసి వేడి చేస్తే పలచబడేది చుట్టూ ఉన్న సూపే. పాస్తా అప్పటికే నాని, కలిపితే చాలు చిరిగిపోతుంది. అవెన్‌లో కాల్చిన లసాన్యా మర్నాటికి ఇంకా బాగా కుదురుకుంటుంది. ఇది సరిగ్గా దానికి తలకిందులు.

పాస్తా విడిగా ఉడికించుకోమంటారు. అలా చేస్తే రెండో గిన్నె తోమాలి, పైగా పాస్తా వదిలే గంజి సూప్‌కి అందదు. నాకు కుదిరిన పద్ధతి వేరు. ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, 400 గ్రాముల కీమా వేయించి, రెండు పెద్ద చెంచాల టమాటా పేస్ట్ వేసి, అది ఇటుక రంగుకి తిరిగేదాకా కలపాలి. ఇక్కడ తొందరపడితే డబ్బా వాసన చివరిదాకా పోదు. తర్వాత 400 గ్రాముల చిదిపిన టమాటా, లీటరుంపావు స్టాక్ (మాంసం ఎముకలో, కూరగాయలో ఉడికించి వడగట్టిన నీళ్లు) పోసి 15 నిమిషాలు సన్న సెగన మరిగించాలి. ఇప్పుడు, పాస్తా వేయకముందే, సగం తీసి పక్కన పెట్టేయాలి. మిగతా సగంలో 100 గ్రాముల పాస్తా. తీసిపెట్టింది ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. తినే రోజు మరిగించి, ఒక కప్పు నీళ్లు కలిపి, మరో 100 గ్రాములు వేసుకోవచ్చు.

లసాన్యా రేకులు విరిచి వేస్తే మొదటి రెండు నిమిషాలు గరిట ఆపకూడదు. ఆపితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో పిండిగా మిగిలిపోతాయి. ముందే ఉడికించనక్కర్లేని రకం రేకులు పలచన, సూప్‌లో చూస్తుండగానే చితికిపోతాయి. అంచులు కుచ్చుల్లా ఉండే మఫాల్డా పాస్తా దొరికితే అదే మేలు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించాలి.

చీజ్ సంగతి. మొజరెల్లా గిన్నెలోనే కలిపేయమని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఆ సలహా ఇప్పుడు సగమే ఇస్తాను. వేడివేడిగా బాగానే సాగుతుంది గానీ, కాసేపటికి గరిటకు తీగల్లా చుట్టుకుని అడుగున జిగురుముద్దవుతుంది. 150 గ్రాముల రికోటా (మెత్తటి తాజా చీజ్), 60 గ్రాముల మొజరెల్లా, 30 గ్రాముల పర్మేజాన్ (గట్టి చీజ్) విడిగా కలిపి, ఎవరి గిన్నెలో వాళ్లకు పైన ఓ చెంచాడు వేస్తే చాలు. క్రీమ్ అయితే టమాటా పులుపుకి విరిగే ప్రమాదముంది. రికోటా అసలే విరిచి చేసింది కాబట్టి ఆ బెడద లేదు. వేడి ఎర్రటి సూప్‌లో చల్లటి తెల్లటి ముద్ద అంచుల నుంచి కరుగుతుంటే, ఆ రెండు మూడు చెంచాల కోసమైనా ఇది మళ్లీ వండుతాను.

గొట్టాల్లాంటి జీటీ పాస్తాతో చేసే బేక్డ్ జీటీ సూప్‌కీ ఇదే లెక్క, ఆ గొట్టాలు మాత్రం కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి. మాకరోనీ చీజ్ సూప్ జోలికి నేను పోవడం మానేశాను. మరుగుతుండగా చీజ్ వేస్తే నూనె తేలి రవ్వరవ్వవుతుంది, దించి వేస్తే వడ్డించేలోపు చల్లారుతుంది.

కాల్చిన అంచుల కరకర మాత్రం ఏ సూప్‌లోనూ రాదు. అదే ముఖ్యమనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. అందరూ ఒకేసారి కూర్చుని తినే ఇంట్లో సగం తీసిపెట్టే తతంగమే అక్కర్లేదు. తలో వేళకు తినే ఇంట్లో అది తప్పదు. మరిచిపోయి ముద్ద కట్టిందే అనుకోండి, లోతు తక్కువ పళ్లెంలో పరిచి, మొజరెల్లా చల్లి, 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు అవెన్‌లో పెట్టండి. పాస్తా మెత్తదనం పోదు గానీ, పైన అంచులు కరకరలాడతాయి.