‘ఇంజిన్ పని మొత్తం చేయించాం’ అని అమ్మే పాత పికప్పులతో జాగ్రత్త: విజయవాడ, గుంటూరు వాళ్లకు

విజయవాడ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ చూస్తున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. అమ్మేవాడు ‘ఈమధ్యే ఇంజిన్ దింపి పని మొత్తం చేయించాం, మీరింక డీజిల్ కొట్టించుకుని తిరగడమే’ అన్నాడంటే ఆ మాటకు పైసా ఎక్కువ ఇవ్వొద్దు. ఆరేళ్ల బండికి ఇంజిన్ ఎందుకు దించాల్సొచ్చిందని అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే బేరం అక్కడితో ఆపేయండి. మాకు అలా అంటగట్టింది 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండిని.

2018 మోడల్ బొలెరో పికప్, ఏపీ16 నంబరు, 2523 సీసీ కామన్ రైల్ ఇంజిన్ (ఒకే గొట్టంలో డీజిల్ని ఎక్కువ ఒత్తిడి మీద ఉంచి అన్ని ఇంజెక్టర్లకూ పంపే రకం). బేరం నాలుగు లక్షల డెబ్భై వేలకు తెగింది. మాది గుంటూరు. మా బావమరిది నడుపుతాడు. సీజన్లో మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు), మిగతా నెలల్లో కోల్డ్ స్టోరేజీ సరుకు, సిమెంటు, ఏది దొరికితే అది. అమ్మినవాడు ఓనరు కాదు, మధ్యవర్తి. సీ బుక్కులో (ఆర్సీలో) పేరు వేరేవాళ్లది, అడ్రసు పాయకాపురం. ఆ అడ్రసు చూడగానే వరద సంగతి మొహం మీదే అడిగాం. ‘అబ్బే, అప్పుడు బండి ఉయ్యూరు వైపు ఇటుకల కిరాయిలో ఉందండీ, చుక్క నీళ్లు తగల్లేదు’ అన్నాడు. బండి చూస్తే మెరిసిపోతోంది. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, కింద కొత్త మ్యాటు. ఇప్పుడు ఆలోచిస్తే, సరుకు మోసే బండికి కొత్త మ్యాటు దేనికి వేస్తారండీ?

కొన్నాక మొదటి ఇబ్బంది పొద్దున్నే స్టార్టింగు దగ్గర. తెల్ల పొగ, ఐడిల్‌లో ఓ సిలిండరు తప్పిపోతున్నట్టు కొట్టుకోవడం. వేడెక్కాక సర్దుకునేది. లోడు వేస్తే మాత్రం వారధి ఎక్కడానికే మూడో గేరు అడిగేది. ఆటోనగర్లో ఓ షెడ్డుకు తీసుకెళ్లాం (పేరు చెప్పను, విషయం ఇంకా తేలలేదు). ఆయన చెవి పెట్టి విని ‘టర్బో వీకయిందన్నా’ అని తేల్చేశాడు (టర్బో అంటే ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపేది). కంప్రెషన్ (సిలిండర్లో గాలి నలిగే ఒత్తిడి) ఓసారి చూడమని మా బావమరిది రెండుసార్లు అడిగాడు. ‘ఇంజిన్ కొత్తగా చేసిందే కదా తమ్ముడూ, దానికి చూడాల్సిన పని లేదు, నాది పూచీ’ అన్నాడు. అక్కడితో ఆగకుండా అప్‌గ్రేడ్ అని మొదలుపెట్టాడు. రీకండిషన్డ్ టర్బో, లాప్‌టాప్ పెట్టి మ్యాపింగు (డీజిల్ ఎంత పోయాలన్న ఇంజిన్ కంప్యూటరు లెక్క మార్చడం), ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఏర్పాటు) మూసేయడం, వెనక బరువు మోసే స్ప్రింగు కమానుల్లో రెండు పట్టీలు అదనం. మొత్తం తొంభై వేల దాకా లాగాడు. ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన లెక్క.

మ్యాపింగు చేశాక పుల్లింగు పెరిగిన మాట నిజం. సిలిండర్లో డీజిల్ ఎక్కువ మండుతోంది కాబట్టి పెరుగుతుంది. దెబ్బతిని ఉన్న భాగం మీద భారమూ అంతే పెరుగుతుంది. మిర్చి లోడుతో వస్తుంటే కాజ టోల్‌గేటు దాటాక టకటకమని మొదలై, బండి పక్కకు తీసేలోపే మూడో సిలిండరు కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్ని కింద క్రాంకుకు కలిపేది) విరిగి ఇంజిన్ బ్లాకు పక్కనుంచి బయటికొచ్చింది. ఆయిలంతా రోడ్డు మీదే. సరుకు వేరే బండిలోకి మార్చి, ఇంజిన్ దించడానికి గుంటూరులోనే పాత మిస్త్రీ ఒకాయన దగ్గరికి లాగించాం.

ఆయన హెడ్డు తీసి, విరగని మూడు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పైకి తెచ్చి డయల్ గేజ్ పెట్టి కొలిచాడు. ‘బాబూ, ఈ రెండోది కూడా మిగతావాటికంటే కిందే ఆగిపోతోంది చూడు. రాడ్డు వంగింది. ఈ ఇంజిన్ నీళ్లు తాగింది’ అన్నాడు. రాడ్డు తీసి చూపిస్తే ప్రెస్సులో పెట్టి సాపు చేసిన గుర్తులు కనపడ్డాయి. అంటే అమ్మేముందు చేయించిన ‘మొత్తం పని’లో రింగులు, బేరింగులు, గాస్కెట్లు మారాయి గానీ వంగిన రాడ్లను సాగదీసి మళ్లీ వాటినే బిగించారు.

నీళ్లు తాగడం అంటే ఏమిటో పెట్రోలు బండ్లు నడిపేవాళ్లకు అంతగా తెలియకపోవచ్చు. 2523 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి దాదాపు 630 సీసీ. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ సుమారు 18కి 1 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చాక గాలికి మిగిలే చోటు 37 మిల్లీలీటర్ల దగ్గర. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఎయిర్ ఫిల్టరు గొట్టం గుండా అంతకు మించిన నీళ్లు సిలిండర్లోకి చేరి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టినా, మరీ దారుణంగా తాడు కట్టి లాగి గేరులో వేసినా, పిస్టన్ పైకి పోలేక రాడ్డు వంగుతుంది. సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల్లో కొన్ని వీధుల్లో నీళ్లు వారానికి పైగా నిలిచాయి. నీళ్లు తీశాక బండి ఒక్కసారి స్టార్టయితే చాలని ఎంతమంది సెల్ఫ్ కొట్టి ఉంటారో! చేయాల్సిన పద్ధతి వేరు. బ్యాటరీ తీసేసి, ఇంజెక్టర్లు విప్పి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆయిళ్లన్నీ మార్చాలి. ఆ తర్వాతే తాళం. వంగిన రాడ్డు ఆ రోజే విరగదు, నెలల తరబడి నడుస్తుంది. మధ్యవర్తికి కావాల్సింది ఆ వ్యవధే.

మునిగిన బండిని కనిపెట్టడానికి మిస్త్రీ మాకు చూపించినవి చెబుతాను. రంగులూ కవర్లూ వదిలేయండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైన శుభ్రంగా ఉన్నా, చుట్టలో లోపలికుండే భాగం మీద బురద చార ఉంటుంది. అది ఎవరూ కడగరు. ఫ్యూజు బాక్సు విప్పి కనెక్టర్లు ఒకటి రెండు లాగండి. రాగి పిన్నుల మీద పచ్చని చిలుము ఉంటే వైరింగు అయిపోయినట్టే. ఇవాళ హెడ్‌లైటు, రేపు సెన్సరు, ఎల్లుండి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) అని ఏడాది పొడుగునా తినేస్తుంది. మా బండికి చెక్ ఇంజిన్ లైటు వచ్చి పోవడానికి కారణం అదేనట. టర్బో షెడ్డాయన మాత్రం ఆ లైటును లాప్‌టాప్‌తో చెరిపేసి పంపించాడు. ఛాసిస్ పొడుగునా ఉండే బెజ్జాల్లో ఓ తీగ పెట్టి కెలకండి. మా దాంట్లోంచి ఎండిన బుడమేరు బురద పలుకులుగా రాలింది. సీటు కింద స్పాంజి, తలుపు అట్టల వెనక, హెడ్‌లైటు గాజు లోపల, స్టెపినీ బిగించే చట్రం, ఇవన్నీ చూడండి. వాసన మీద మాత్రం ఆధారపడొద్దు, ఇప్పుడు దానికీ స్ప్రేలున్నాయి.

చాలామంది వదిలేసేది వెనక హౌసింగు, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే డబ్బా. దాని మీద ఊపిరి గొట్టం లాంటి చిన్న బ్రీదర్ ఉంటుంది. వేడి మీదున్న బండి నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, ఆ దారినే నీళ్లు లోపలికి లాగేస్తుంది. డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే క్రౌన్ పినియన్‌కూ బేరింగులకూ ఖర్చు రాసుకోండి. గేరు బాక్సుకీ ఇదే పరీక్ష. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే మీకు సమాధానం.

ఇంజిన్‌కి అసలు పరీక్ష పొద్దున్నే, అదీ చల్లగా ఉన్నప్పుడు. ‘మీరొచ్చేలోపు వేడి చేసి ఉంచాను’ అంటే ఇంకోరోజు చెప్పకుండా వెళ్లండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంతన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం దాటితే ఎందుకో తేలాలి. ఇంజెక్టర్లకు రిటర్న్ డీజిల్ పరీక్ష (ఒక్కోదాన్నుంచి వెనక్కి తిరిగొచ్చే డీజిల్ని కొలవడం) చిన్న సీసాలతో అక్కడికక్కడే చేయొచ్చు. ఏ ఇంజెక్టరు సీసా ముందు నిండితే దానికి రోజులు దగ్గరపడ్డట్టు. కామన్ రైల్లో ప్రెషరు వెయ్యి బార్ దాటుతుంది, లోపలి భాగాల మధ్య ఖాళీ మైక్రాన్లలో ఉంటుంది, డీజిల్లో కాసిన్ని నీళ్లు కలిసినా తుప్పుపట్టి పోతాయి. మరో సంగతి, చాలా కామన్ రైల్ బండ్లలో ఇంజెక్టరు మారిస్తే దాని తల మీదున్న కోడును స్కానరుతో ఈసీయూలో ఎక్కించాలి. అది ఎక్కించకుండా వదిలేసిన బండి పొగ, మోత తగ్గడం లేదని షెడ్డు షెడ్డుకూ తిరుగుతూ ఉంటుంది.

కాగితాల దగ్గరికొస్తే, ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, ఫైనాన్సు చూడటం అందరూ చేసేదే. దానికి తోడు పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న బండికి క్లెయిమ్ లేకుండా నడిస్తే నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతం అని ఏటా మెట్టు ఎక్కుతుంది. ఓనరు మారకుండానే 2024 తర్వాతి పాలసీలో అది సున్నాకి పడిందంటే క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, దేనికో అడగండి. థర్డ్ పార్టీ మాత్రమే కట్టిన బండికి ఇది దొరకదు. అప్పుడు ఫాస్టాగ్ స్టేట్‌మెంటు అడగండి. రోజూ టోల్ దాటే బండి 2024 సెప్టెంబరు నుంచి నెలల తరబడి ఎక్కడా కనపడకపోతే ఎక్కడుందో చెప్పమనండి. మేము ఈ స్టేట్‌మెంటు అడిగితే ‘పాత ట్యాగు పోయిందండీ’ అన్నాడు.

సీ బుక్కులో పేరున్న మనిషితో నేరుగా మాట్లాడకుండా డబ్బు చేతికివ్వొద్దు. పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు చూపించి ‘ఎప్పుడంటే అప్పుడు మార్పించుకోండి’ అనే బండి ఎన్ని చేతులు మారిందో దేవుడికి తెలియాలి. రాష్ట్రంలోనే చేతులు మారితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, వాళ్ల ఎన్‌ఓసీ కూడా చేతిలో ఉండాలి. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది, అడిగి చూడండి. ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ప్రతి ఏడాదీ. 2018 బండి ఇప్పుడు ఆ గీత దగ్గరే ఉంది కాబట్టి బేరంలో ఆ ఖర్చూ తీయండి.

ఇక అప్‌గ్రేడ్ల గురించి. కమాన్ పట్టీలు ఎన్ని వేసినా సీ బుక్కులో రాసిన మొత్తం బరువు పెరగదు. దాంట్లోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీ లోడు. దాటితే కేంద్ర చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ‘పట్టీలు వేశాం, ఇంకో అర టన్ను కొట్టొచ్చు’ అని షెడ్డువాడు చెప్పేది కమానుల గురించే, బ్రేకుల గురించి కాదు. ఈజీఆర్ మూస్తే ఎఫ్‌సీ రోజున దానికి ఎవరు సమాధానం చెప్పాలి? పాత బండికి డబ్బు పెట్టాలనుకుంటే బ్రేకులు, రేడియేటరు, హోసులు, మంచి డీజిల్ ఫిల్టరు. ఇవి అయ్యాకే మిగతావి.

బ్లాకు పోతే ఆటోనగర్లో పాత ఇంజిన్ దొరుకుతుంది. ధర చూసి మురిసిపోకముందు బిల్లు ఇస్తాడా, ఏ నంబరు బండిది, దాని కాగితాలేవి అని అడగండి. ఇంజిన్ నంబరు మారితే ఆర్టీఏ అనుమతి తీసుకుని సీ బుక్కులో ఎక్కించుకోవాలి. లేదంటే ఎఫ్‌సీకి వెళ్లినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబరు చూసి పక్కన పెట్టేస్తాడు. ఆ ఇంజిన్ దొంగ బండిది అయితే మీరు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. బిల్లుతో నాకు ఇంజిన్ ఇచ్చింది కూడా ఆటోనగర్ మనిషే, పదివేలు ఎక్కువైనా కాగితాలన్నీ చేతిలో పెట్టాడు. అందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు.

షెడ్డు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. ‘కమర్షియల్ బండికి కేసు చెల్లదు’ అని కొందరు బెదరగొడతారు. స్వయం ఉపాధి కింద, కేవలం బతుకుతెరువు కోసమే తీసుకున్నదైతే 2019 చట్టంలో వినియోగదారుడి కిందే లెక్క. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లాలోనే, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. పని చేయించిన ప్రతిసారీ పాత సామాను అడిగి తెచ్చుకోండి, డబ్బు ఫోన్ ద్వారానే పంపండి. మా తెల్లకాగితం లెక్కకు బలం వచ్చింది ఆ ఫోన్ చెల్లింపుల వల్లే.

ఆ మధ్యవర్తి దగ్గర ఇంకో రెండు ఏపీ16 పికప్పులు అమ్మకానికున్నాయి. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, ‘ఇంజిన్ పని మొత్తం అయింది’. టోకెన్ ఇచ్చేముందు సీటు బెల్టు లాగి చూడండి, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు అడగండి.