పాత అంబాసిడర్ పెయింటుకు నంబర్ 7 గ్లేజ్: ఎంతవరకు పనికొస్తుంది

ఇప్పుడు షాపుల్లో దొరికే కారు పాలిష్‌లు చాలావరకు క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శక పొర) ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. పాత అంబాసిడర్, పద్మిని సంగతి వేరు. వాటి మీద సాధారణంగా ఉండేది సింగిల్ స్టేజ్ పెయింటు. రంగు, మెరుపు రెండూ ఒకే పూతలో ఉంటాయి, పైన కాపాడే పొర ఏదీ ఉండదు. ఎండకు ఆ పూతలోని జిగురు చచ్చి, రంగు పొడి పైకి తేలుతుంది. వేలితో రాస్తే సుద్దలా అంటుకునేది అదే. ఇలాంటి బండికి కటింగ్ (పై పొరను అరగదీయడం) కంటే ముందు నూనె పట్టాలి. మెగ్వైర్స్ నంబర్ 7 షో కార్ గ్లేజ్ సరిగ్గా ఆ పని చేస్తుంది. వెలిసిన సింగిల్ స్టేజ్ మీద పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేస్తుంది. క్లియర్ కోటు మీద మాత్రం దండగే, పైగా తుడవలేక చేతులు పడిపోతాయి.

ఈ కంపెనీ 1901లో అమెరికాలో ఫర్నిచర్ పాలిష్‌తో మొదలైంది, 2008లో 3ఎం అనే అమెరికా కంపెనీ చేతికి వెళ్లింది. చెక్కకు పాలిష్ పట్టించినవాళ్ల బుద్ధి ఈ సీసాలో ఇంకా కనిపిస్తుంది. ఇందులో రాపిడి లేదనే చెప్పాలి, ఉన్నదంతా నూనెలే. ఎండిన షాబాదు బండ మీద నీళ్లు చల్లగానే రంగు తేలినట్టు, పూతలోని సన్నని రంధ్రాల్లోకి నూనె దిగగానే మెరూన్ మెరూన్‌లా, నలుపు నలుపులా కనిపిస్తుంది. అయితే ఇది వ్యాక్స్ కాదు. ఎండ నుంచీ వాన నుంచీ కాపాడదు, నాలుగు కడుగుళ్లకు పోతుంది. పైన వ్యాక్స్ వేయని పక్షంలో కొనకపోవడమే మేలు.

కొనేముందు మీ బండి మీద ఉన్నది ఏ పెయింటో తేల్చుకోండి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయేనాటికే పాత బండ్లలో చాలావాటికి ఒకటికి రెండుసార్లు రీపెయింటు పడింది కాబట్టి, బండి ఏ సంవత్సరానిదో చూసి ఊహించడం కుదరదు. డిక్కీ తలుపు లోపలి అంచు లాంటి కనబడని చోట తెల్ల గుడ్డకు కొంచెం పాలిష్ అద్ది రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటితే సింగిల్ స్టేజ్, మురికి తప్ప ఏమీ రాకపోతే క్లియర్ కోటు. ఆ తర్వాత అదే చోట దూదితో ఒక చుక్క థిన్నర్ పెట్టండి. రంగు కరిగి దూదికి వస్తే అది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు, అంటే మనవాళ్లు డూకో అనేది. ముడతపడితే సాధారణంగా ఎనామెల్. ఏమీ కాకపోతే పీయూ (పాలియురెథేన్). ఎన్‌సీ పూత పలచగా ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి మెషిన్‌తో పాలిష్ చేసేటప్పుడు అన్నిటికన్నా జాగ్రత్త దానికే కావాలి.

మెటాలిక్ సింగిల్ స్టేజ్ అయితే ఇక్కడే ఆగండి. రుద్దేకొద్దీ అల్యూమినియం రేణువులు పైకి తేలి బూడిద రంగు మచ్చలు పడతాయి. గ్లేజ్ మెత్తగా అద్ది వదిలేయాలి తప్ప దాని మీద కాంపౌండ్ (అరగదీసే గరుకు పాలిష్) ముట్టుకోకూడదు.

పని ఎండలో కాదు, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. బానెట్ మీద అరచేయి సుఖంగా ఆనించలేకపోతే ఆ రోజు పని వాయిదా వేయండి. కారు షాంపూతో కడిగి, డ్రిప్ గట్టర్లు, డిక్కీ కీళ్లు, బంపర్ బ్రాకెట్ల దగ్గర నిలిచిన నీళ్లు బ్లోయర్‌తో పోగొట్టండి. బోరు నీళ్లయితే ఆరనివ్వకుండా తుడవాలి, లేకపోతే ఉప్పు మరకలు పడతాయి. అద్దం చుట్టూ రబ్బరు బీడింగులకు, బానెట్ మధ్య గీతకు, మడ్‌గార్డు అంచులకు మాస్కింగ్ టేపు వేయండి. పెయింటు అన్నిటికంటే పలచగా ఉండేది ఆ మడతల మీదే. కింద ఉండే రెడ్ ఆక్సైడ్ ప్రైమరు బయటపడేది కూడా మొదట అక్కడే.

పట్టించడానికి మైక్రోఫైబర్ వద్దు. పాత టర్కీ టవల్ ముక్క తీసుకోండి. దాని పోగులు చచ్చిన రంగును మెత్తగా గోకి పట్టుకుంటాయి. సీసాను బాగా ఊపి, గుడ్డ మీద ధారాళంగా పోయండి. సుమారు ఒకటిన్నర అడుగుల చదరం తీసుకుని గట్టిగా రుద్దండి. గుడ్డ బండి రంగులోకి మారుతుంది, దానికి కంగారుపడక్కర్లేదు, పోతున్నది చచ్చిన పొర. గుడ్డ మడత మారుస్తూ ఉండండి. మురికి మడతతోనే రుద్దితే ఆ పొడే గీతలు పెడుతుంది. తర్వాత మందంగా మరో పూత వేసి తుడవకుండా కనీసం 12 గంటలు, వీలైతే ఒక పగలూ రాత్రీ వదిలేయండి. చాలామంది అరగంటకే తుడిచేసి ‘ఏం తేడా రాలేదే’ అంటారు. నూనె దిగడానికి సమయం ఇవ్వకపోతే తేడా ఎక్కడినుంచి వస్తుంది?

మర్నాటికి అది జిగటగా బిగుసుకుంటుంది. పొడి గుడ్డతో కుస్తీ పట్టకండి. దాని మీదే తాజా గ్లేజ్ కొంచెం వేసి రుద్దితే పాతది కరిగి వదులవుతుంది, వెంటనే మెత్తని గుడ్డతో తుడిచేయండి. బాగా ఎండిన బానెట్‌కు, టాపుకు రెండోసారి ఇదే చేయాలి. తలుపులకు ఒక్కసారి సరిపోతుంది. అంబాసిడర్‌కు రెండు పూతలూ పడితే 473 మిల్లీలీటర్ల సీసాలో సగం పైనే అవుతుంది.

ఇప్పుడు పాలిష్. మెగ్వైర్స్ 205 లాంటి ఫినిషింగ్ పాలిష్, మెత్తని ఫోమ్ ప్యాడ్, డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) ఉంటే చాలు. ప్యాడ్‌కు నాలుగైదు చుక్కలు, మధ్యస్థ వేగం, మీద బరువు వేయకుండా నాలుగైదు సార్లు. సింగిల్ స్టేజ్ మీద ప్యాడ్ రంగుతో త్వరగా నిండిపోతుంది కాబట్టి ప్రతి ప్యానెల్ తర్వాత బ్రష్‌తో శుభ్రం చేయాలి. షెడ్లలో చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉన్ని ప్యాడ్, రోటరీ బఫింగ్ మెషిన్, రబ్బింగ్ కాంపౌండ్, పైగా ఎక్కువ వేగం. ఆ సాయంత్రానికి బండి అద్దంలా ఉంటుంది, కానీ ఎండలో చూస్తే గుండ్రటి సాలెగూడు గీతలు. పోయిన పెయింటు తిరిగి రాదు. కొన్నిచోట్ల డీజిల్ కొట్టి మెరిపిస్తారు. అది మెరుపు కాదు, జిడ్డు. దుమ్ము పడుతుంది, రబ్బర్లు ఉబ్బుతాయి.

మెషిన్ అయ్యాక పలచగా మరోసారి గ్లేజ్ పట్టించి తుడిచి, ఆ పైన వ్యాక్స్. మన ఎండలకు కాలినైట్ 845 అనే వ్యాక్స్ బాగా నిలుస్తుంది. ద్రవ రూపంలో ఉంటుంది, ఊపకుండా పోస్తే నీళ్లలాంటిదే ముందు వస్తుంది. చలికాలంలో చిక్కబడితే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టండి. ఫోమ్ అప్లికేటర్‌కు రూపాయి బిళ్లంత వ్యాక్స్ ఒక తలుపుకు ఎక్కువే. కనబడీ కనబడనంత పలచగా, గట్టిగా నొక్కకుండా వేయాలి. ఇందులోని ద్రావకం, నొక్కి రుద్దితే కింది గ్లేజ్ నూనెను కొంత లాగేస్తుంది. ఒక్కో ప్యానెల్ వేస్తూ, మసకబారగానే తుడుస్తూ వెళ్లండి. బండంతా పూసేసి తర్వాత చూద్దామనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో అది రాయిలా గట్టిపడుతుంది. విశాఖ, కాకినాడ వైపు తేమకు మసకబారడమే ఆలస్యం అవుతుంది. అక్కడ వేలితో గీసి, గీత శుభ్రంగా పడితేనే తుడవాలి.

బయట ఎండలో నిలబడే బండికి ఈ వ్యాక్స్ రెండు మూడు నెలలు వస్తుందనుకోవచ్చు. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలవకుండా పలకలా పరుచుకుంటోందంటే మళ్లీ వేయాలి. షెడ్డులో ఉండే బండికి ఇంకా ఎక్కువే. గ్లేజ్ నూనెపట్టు మొత్తం ప్రతిసారీ అక్కర్లేదు, రంగు మళ్లీ పొడిబారినప్పుడు చాలు.

తెల్ల బండికి ఇంత శ్రమ అవసరమా? సర్కారు ఆఫీసుల నుంచి వేలంలో వచ్చిన తెల్ల అంబాసిడర్లకు సుద్ద పోయి నునుపు వస్తుంది, కానీ రంగులో లోతు తేడా అంతగా తెలియదు. వాటికి ఒక్క రాత్రి గ్లేజ్, పైన వ్యాక్స్ చాలు, మెషిన్ దాటవేయొచ్చు. మెరూన్, ముదురు నీలం, నలుపు బండ్లకే ఈ సీసా అసలు విలువ తెలుస్తుంది. పెయింటు పగిలి పొలుసులు లేస్తున్నా, కింద ప్రైమరు కనిపిస్తున్నా ఏ గ్లేజూ ఏమీ చేయలేదు, అది టింకరింగ్ షెడ్డు పని.

ఈమధ్యే రీపెయింటు చేయించిన బండి అయితే వ్యాక్స్‌కు తొందరపడకండి. పెయింటులోని ద్రావకాలు పూర్తిగా ఎగిరిపోవడానికి రెండు నెలలైనా ఇవ్వాలి. ఈలోగా మెరుపు కావాలంటే నంబర్ 7 ఒక్కటే పలచగా వేసుకోవచ్చు. అది వ్యాక్స్‌లా పూతను మూసేయదు.