మెషీనా, పొట్ట డయాలసిసా?

చుట్టాల్లో షుగర్ ఉన్న ఎవరి కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినా ఫోన్ నాకే వస్తుంది. "వదినా, ఆస్పత్రి మెషీను మేలా, ఇంట్లో చేసుకునే పొట్టదా?" అత్తమ్మకు పద్నాలుగు నెలలుగా పొట్ట డయాలసిస్ చేస్తున్నాను కాబట్టి నా మొగ్గు ఎటో దాచేదేం లేదు.

మెషీను అంటే రక్తాన్ని బయటికి తీసి శుభ్రం చేసి పంపేది, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఆరోగ్యశ్రీలో ఉచితం, అంతా టెక్నీషియన్లే చూసుకుంటారు. కానీ షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్లకు నాలుగు గంటల్లో రెండు మూడు లీటర్ల నీళ్లు లాగేస్తే బీపీ దబ్బున పడిపోతుంది. అత్తమ్మకు మొదటి రెండు నెలలు మెషీనే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కేటప్పుడు సీటు కోసం పోట్లాడే మనిషి, తిరుగు ప్రయాణంలో నా భుజం మీద వాలిపోయేది. మూడోవారానికే "ఇయ్యాల వద్దు బిడ్డా" మొదలైంది.

పొట్టకు పెట్టిన పైపు గుండా రోజుకు నాలుగుసార్లు 2 లీటర్ల ద్రావణం బ్యాగు ఎక్కించి, కొన్ని గంటలాగి తీయడంలో ఆ కుదుపు ఉండదు. మిగిలిన కాస్త మూత్రమూ ఎక్కువ కాలం వస్తుంది. పొటాషియం పట్టింపు సడలి, అత్తమ్మ మళ్లీ టమాట పప్పు తింటోంది. అందరూ భయపెట్టేది షుగర్ గురించే. నిజమే, 1.5 శాతం బ్యాగులో 30 గ్రాముల గ్లూకోజు ఉంటుంది, చాలావరకు ఒంట్లోకే పోతుంది. ఇన్సులిన్ పెంచారు. తీసే నీళ్లతో ప్రోటీన్ పోతుందని రోజూ గుడ్డు తెల్లసొన పెడుతున్నా. గ్లూకోజుకు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉండే బ్యాగు వాడేవాళ్లు మాత్రం తమ గ్లూకోమీటర్ ఏదో డాక్టరుకు చూపించాలి. కొన్ని రకాలు లేని షుగర్ చూపిస్తాయి, దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రమాదం.

ఇవన్నీ సర్దుకునేవే. అసలు చిక్కు చేతుల దగ్గరే. షుగర్‌తో చూపు తగ్గిన అత్తమ్మకు పైపు మూత కనపడదు. అందుకే నాలుగు పూటలూ నేనే. మే నెలలోనూ తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, మాస్కు పెట్టుకుని, మోచేతుల దాకా కడుక్కుని కూర్చోవాలి. బయటికొచ్చిన బ్యాగును న్యూస్‌పేపరు మీద పెడతా: అక్షరాలు చదవగలిగితే సరే, మసకగా ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానం, ఆ బ్యాగుతోనే ఆస్పత్రికి పరుగు. నేను ఊరెళ్లిన రెండు రోజుల్లో మావారు తొందరపడ్డారు, ఇన్ఫెక్షన్ వచ్చింది. కడుపులోకి రెండు వారాలు యాంటీబయాటిక్ పెట్టాల్సి వచ్చింది.

రాత్రంతా పొట్ట డయాలసిస్ ద్రావణాన్ని తానే మార్చే సైక్లర్ మెషీనూ ఉంది, ఖర్చెక్కువ. గుండె బాగుండి ఒళ్లు తట్టుకుంటుందంటే రెండు డయాలసిస్‌లకన్నా కిడ్నీ మార్పిడే మేలు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించండి.

నిన్న మేనమామ కోసం ఆయన కోడలు ఫోన్ చేసింది. "పగలు ఇంట్లో ఎవరుంటారు?" అన్నా. కాసేపు మాట్లాడలేదు. "ఇద్దరం ఆఫీసులకే కదా వదినా. అయితే మెషీనే." మామ ఎడమ చేతికి ఇక సూది గుచ్చనివ్వొద్దనీ, ఫిస్టులా (మెషీను సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్) సంగతి ఈ వారమే డాక్టరుతో మాట్లాడమనీ చెప్పా. అది వాడకానికి రావడానికే నెలన్నర, రెండు నెలలు పడుతుంది.