చిన్నబజారు వాచ్ రిపేరు షాపులో రైలింజన్: పట్టాలు తప్పే చక్రాలకు 400 రూపాయల వైద్యం

మోడల్ రైళ్లు రిపేరు చేస్తాం అని బోర్డు పెట్టుకున్న షాపు నెల్లూరులో నాకు ఎక్కడా కనపళ్లేదు. ఉన్నదల్లా చిన్నబజారు సందుల్లో ఒక వాచ్ రిపేరు షాపు. పేరు రాయొద్దన్నాడు పెద్దాయన, "రాస్తే బొమ్మలోళ్లంతా వచ్చి నా నెత్తిన కూర్చుంటారబ్బయ్యా, ఉండే గడియారాలే తెమలడం లేదు" అని. కాబట్టి రాయను. కీ ఇచ్చే పాత గోడ గడియారాలు బాగుచేసే ఆయన ఎవరని అడగండి, ఎవరో ఒకరు చూపిస్తారు. ఒక్క మాటలో చెప్పాలంటే పని బ్రహ్మాండం, ఓపిక మాత్రం మీరు ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

నేను బాగుచేయించిన బొమ్మ ఇంజన్ హెచ్‌ఓ సైజు, అంటే అసలు దానిలో 87వ వంతు, 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద నడిచేది. మన రైల్వేలో నడిచిన డబ్ల్యూడీఎం-2 రూపంలో ఉన్న ఆరు ఇరుసుల డీజిల్. ముందు మూడు ఇరుసులు ఒక ట్రక్కులో, అంటే ఇంజన్ కింద అటూ ఇటూ తిరిగే చక్రాల చట్రంలో, వెనక మూడు ఇంకో ట్రక్కులో ఉంటాయి. నేరుగా ఉన్న పట్టా మీద ఎంత దూరమైనా పోయేది. ఎడమ మలుపు వచ్చిందంటే ముందు ట్రక్కు కిందికి దిగేది, పాయింట్ల మీదైతే, అంటే ఒక పట్టా రెండుగా చీలే చోట, టక్కుమని ఎగిరి మరీ దిగేది. వెనకున్న పెట్టెలన్నీ దాని మీదికొచ్చి పడతాయి, చూడ్డానికి పిల్లలకు సరదాగా ఉంటుందేమో గానీ మనకు గుండె గుభేలుమంటుంది.

ఈ షాపుకు పోయేముందు దీన్ని ఒక పెద్ద ఊళ్లో ఉన్న సర్వీసు వాళ్లకు కొరియర్లో పంపాను. పేరు వద్దు. లోపలంతా కొత్త గ్రీజు నింపి, బిల్లుతో పాటు "ఇంజన్ బాగుంది, మీ ట్రాకే సరిగ్గా లేదు" అని ఒక చీటీ పెట్టి తిరిగి పంపారు. ట్రాక్ తప్పా ఇంజన్ తప్పా అనేది తేల్చుకోవడానికి మాత్రం సర్వీసు సెంటర్ అక్కర్లేదు. ఏ ఇంజన్ పెట్టినా ఒకే చోట పడుతుంటే అది పట్టా తప్పు. ఎక్కడ పడినా ముందుగా దిగేది అదే చక్రం అయితే ట్రక్కు తప్పు. ఇంజన్‌ను తిప్పి పెట్టి వెనక్కి కూడా నడిపి చూడాలి, అప్పుడు ఇంకా తేటగా తెలుస్తుంది. నాది ఎటు తిప్పినా అదే ట్రక్కు, అదే పక్క. ఈ ముక్క పెద్దాయనకు చెప్తే "అయితే ఒక సగం పని నువ్వే చేసుకొచ్చావ్" అన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

ఇప్పుడు ఆయన పని చూసే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బులిచ్చింది దానికే అనుకుంటున్నాను. స్క్రూడ్రైవర్ వెంటనే పట్టుకోలేదు. బల్ల మీదున్న అద్దం ముక్క తుడిచి, దాని మీద ఇంజన్ నిలబెట్టాడు. క్యాలెండర్ నుంచి సన్నగా ఒక కాగితం పీలిక చింపి, ఒక్కో చక్రం కిందికి దూర్చి లాగాడు. చక్రం అద్దానికి ఆనుంటే కాగితం పట్టుకుంటుంది, ఆనకపోతే జారిపోతుంది. ముందు ట్రక్కులో మొదటి ఎడమ చక్రం కింద కాగితం గాలిలో పోయినట్టు పోయింది. అంటే మలుపులో దారి పట్టాల్సిన చక్రమే పట్టాకు ఆనడం లేదన్నమాట. మళ్లీ రెండోసారి లాగి నా మొహం చూశాడు, నేను గమనించానా లేదా అని.

తర్వాత ఇంజన్‌ను పాత బనియన్ గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ట్రక్కును వేలితో కుడికి నెట్టి వదిలాడు. అక్కడే ఉండిపోయింది. ఎడమకి నెట్టి వదిలాడు, చటుక్కున వెనక్కి వచ్చేసింది. కరెంటు పట్టాల నుంచి చక్రాల్లోకి, అక్కణ్నుంచి సన్న వైర్ల ద్వారా పైనున్న సర్క్యూట్ బోర్డుకి పోతుంది కదా, ఆ వైరు ఒకటి ఎవరో లావుది వేసి, టంకం కూడా ధారాళంగా పెట్టేశారు. అది స్ప్రింగులాగా బిగుసుకుని ట్రక్కును ఎడమకి తిరగనివ్వడం లేదు. లోపలంతా గ్రీజు నింపిన మహానుభావులు ఈ వైరును పక్కకు జరిపే గ్రీజు పెట్టి ఉంటారు, దాన్ని చూడకుండా ఆ పని చెయ్యడం కుదరదు. సరే, పోనీ.

కింది మూత ఊడదీస్తే అసలు సంగతి బయటపడింది. ఇరుసు రెండు చివర్లా చిన్న ఇత్తడి బుష్షులు ఉంటాయి, అవి ట్రక్కు గాడుల్లో కూర్చోవాలి. మధ్య ఇరుసు బుష్షు గాడిలోకి పూర్తిగా దిగలేదు, ఎందుకంటే గాడిలో ప్లాస్టిక్ పోత పోసినప్పుడు మిగిలిన సన్న పొర అలాగే ఉంది. కంటికి భూతద్దం బిగించుకుని, బ్లేడు కొసతో ఆ పొరను గీకి, చిమటాతో తీసి నా అరచేతిలో పెట్టాడు. గోరు చివర అంత కూడా లేదు. దాని వల్ల మధ్య చక్రం కిందికి పొడుచుకొచ్చి, మొదటి చక్రాన్ని పైకి లేపుతోంది. ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చిందో, మధ్యలో ఎవరన్నా గాడి మార్చారో దేవుడికే తెలియాలి.

చక్రాల మధ్య దూరం కూడా చూశాడు, డిజిటల్ వెర్నియర్‌తో. ఎడమ చక్రం లోపలి ముఖం నుంచి కుడి చక్రం లోపలి ముఖం దాకా కొలవాలి, హెచ్‌ఓలో అది 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఈ అంకె ఆయనకు తెలీదు, నేను రాసుకెళ్లాను, మీరూ రాసుకెళ్లండి. మధ్య ఇరుసు 14.1 చూపించింది. దూరం తగ్గితే పాయింట్ల దగ్గర చక్రం లోపలి ముఖం, చక్రాన్ని దారిలో పెట్టడానికి పక్కనే వేసే రక్షణ పట్టాకు రాసుకుని పైకెక్కుతుంది, మరీ పెరిగితే చక్రం అంచు వెళ్లి పాయింటు ముక్కుకు, అంటే రెండు పట్టాలు కలిసే మొనకు, కొట్టుకుంటుంది. టక్కుమని ఎగరడం అందుకే. డీజిల్ మోడళ్లలో మామూలుగా ఇరుసు రెండు సగాలుగా ఉండి మధ్యలో ప్లాస్టిక్ గేరులోకి దిగి ఉంటుంది, కాబట్టి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే జరుగుతుంది. రెండు పక్కలా సమానంగా లాగాలి, లేకపోతే దూరం సరిపోయినా ఇరుసు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆయన లాగిన తీరు చూస్తే వాచీ ముల్లు పీకుతున్నట్టే ఉంది, ఊపిరి కూడా బిగబట్టాడు. మధ్య ఇరుసు అటూ ఇటూ కాస్త జరగడానికి ఉన్న సందును ముయ్యలేదు, అది మలుపులో అవసరం.

ఇక్కడొక తమాషా. ట్రక్కులో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా లేవని చూసి "ఇది కూడా ఎవడో తప్పు బిగించాడబ్బయ్యా, సరిచెయ్యమంటావా" అన్నాడు. అది తప్పు కాదు, అసలు ఇంజన్ అలాగే ఉంటుంది. డబ్ల్యూడీఎం-2 అమెరికా ఆల్కో కంపెనీ డిజైను, 1962లో మన దేశానికి వచ్చింది, ఆ ట్రక్కులో మోటార్లు ఇమిడే తీరును బట్టి ఇరుసులు అలా ఎడంగా పెట్టారు. ఫోన్లో ఫోటో చూపిస్తే గానీ నమ్మలేదు. నమ్మాక మాత్రం బిట్రగుంట షెడ్డులో ఆవిరింజన్లు చూసిన రోజుల గురించి మొదలుపెట్టాడు, గోడ మీదున్న గడియారాలన్నీ ఒక్కొక్కటీ గంట కొడుతున్నా ఆపలేదు. మీకు టైముంటే వినండి, బాగుంటుంది.

వైరు తీసేసి సన్న పోగులది వేశాడు, కొంచెం పొడుగ్గా వదిలి ఉంగరంలా చుట్టు ఇచ్చాడు, ట్రక్కు ఎటు తిరిగినా లాగకుండా. గ్రీజు చాలామటుకు తుడిచి, ఇరుసులకు ముట్టీముట్టనట్టు నూనె పెట్టాడు. ఎక్కువైతే అది చక్రాల మీదికి పాకి, చక్రాలు జారతాయి, కరెంటూ సరిగా అందదు.

ఇక లోటుపాట్లు. ఆయన దగ్గర పరీక్షకు జానెడు నేరు పట్టా ముక్క ఉంది, అంతే. మలుపులో పడే ఇంజన్‌ను దాని మీద నడిపి "చూడు, బ్రహ్మాండంగా పోతోంది" అంటే ఏం ఒప్పుకుంటాం? నేను ఇంటి నుంచి ఒక మలుపు ముక్క, ఒక పాయింటు సంచిలో పట్టుకెళ్లాను, మీరూ పట్టుకెళ్లండి. మీ మలుపు ఎంత ఇరుకో ఆయన అడగడు. పొడుగాటి ఆరు ఇరుసుల ఇంజన్లకు 18 అంగుళాల వ్యాసార్థం ఇబ్బందే, 22 అయితే ఊపిరి పీల్చుకుంటాయి. ఇరుకు మలుపు మీద ట్రక్కు ఎంత బాగుచేసినా పూచీ లేదు.

రెండోది, గేరు పగిలి ఉంటే ఆయనేం చెయ్యలేడు. చక్రం చేత్తో తేలిగ్గా జరిగిపోతుంటే ఆ ప్లాస్టిక్ గేరు మధ్యలో చీలిందని అనుమానించాలి. జిగురు పెడితే ఆ రకం ప్లాస్టిక్‌కు నిలవదు, ఇవాళ సరిచేసిన దూరం నాలుగు రౌండ్లకే మళ్లీ మారుతుంది. కొత్త గేరు తెప్పించుకుని అప్పుడు ఆయనకివ్వండి. ఆవిరింజన్ మోడళ్లు కూడా ఇవ్వొద్దని నా సలహా. చక్రాలను కలుపుతూ పక్క కడ్డీలున్న ఇంజన్‌లో చక్రం తిప్పి లాగితే రెండు పక్కల చక్రాల మధ్య ఉండాల్సిన పావుచుట్టు కోణం పోతుంది, ఇంజన్ కుంటుతుంది. దాన్ని సరిగా కూర్చోబెట్టే జిగ్, అంటే చక్రాల్ని సరైన కోణంలో పట్టి ఉంచే పనిముట్టు, ఆయన దగ్గర లేదు, డీజిల్‌కైతే ఆ గొడవే లేదు.

పట్టా గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మన ఎండలకు షాపులో బాగైన ఇంజన్ కూడా ఇంట్లో పడుతుంది. నాది మేడ మీద గది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పట్టాలు వ్యాకోచించి కీళ్ల దగ్గర పక్కకు పొడుచుకొస్తాయి. కీలు కీలుకీ విజిటింగ్ కార్డు మందం సందు వదిలితే చాలు. వేలి కొసను పట్టా లోపలి అంచు మీద మెల్లగా జరిపితే ఎక్కడ తగులుతుందో కంటికంటే ముందు వేలే చెప్తుంది.

మొత్తం 400 తీసుకున్నాడు, అందులో వైరు ఖరీదు కూడా కలిపే. బేరం ఆడితే మొహం మాడ్చుకుంటాడు, ఆడకండి. ఫోన్ పే ఉంది గానీ నోటు ఇస్తే సంతోషం. ఎప్పుడిస్తాడో అడిగితే "చూద్దాం" అంటాడు, ఆ చూద్దాంకు అర్థం ఆయన చేతిలో ఉన్న గడియారాల్ని బట్టి మారుతుంది, నేను వెళ్లినప్పుడల్లా నా ఇంజన్ బనియన్ గుడ్డలో చుట్టి అలాగే పైన అరలో ఉండేది. వస్తువు తీసుకున్నట్టు చీటీ ఇవ్వడు, కాబట్టి ఇచ్చేముందు అన్ని పక్కలా ఫోటోలు తీసుకోండి. మధ్యాహ్నం భోజనానికి షట్టర్ సగం దించి నిద్రపోతాడు, అప్పుడు లేపితే మీ ఖర్మ.

ఇంటికి తెచ్చాక అదే ఎడమ మలుపు, అదే పాయింట్లు, ముందు మెల్లగా తర్వాత గట్టిగా నడిపాను. పడలేదు. పెట్టెలు తగిలించి వెనక్కి నెట్టినా పడలేదు, అసలు పరీక్ష అదే.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. ఒకటి తగ్గించింది చీటీ ఇవ్వనందుకు, ఇంకా కింది మూతకున్న స్క్రూ ఒకటి పోగొట్టి ఏదో గడియారం స్క్రూ బిగించినందుకు. తల కొంచెం పెద్దది. పైకి కనపడదు, పట్టాకూ తగలదు, కానీ అది అక్కడుందని నాకు తెలుసు కదా.