ఇంట్లో కట్టిన 4జీ63 టర్బో ఇంజన్: 60,000 కిలోమీటర్లు నడిపాక

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంట్లో విప్పి, కొత్త పిస్టన్లూ కనెక్టింగ్ రాడ్లూ వేసి, మళ్లీ బిగించిన మిత్సుబిషి 4జీ63 టర్బో ఇంజన్ 60,000 కిలోమీటర్లు దాటినా ఆయిల్ తాగడం లేదు, పొగ పెట్టడం లేదు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతోంది. ఇది వారానికోసారి బయటికి తీసే బండి కాదు, రోజూ తిరిగే బండి. ట్రాఫిక్‌లో నలుగుతుంది, ఎండలో నిలబడుతుంది, ఖాళీ రోడ్డు దొరికితే పరిగెత్తుతుంది. ఇన్నాళ్లు నిలబడినందుకు నేను ఎక్కువ మార్కులు వేసేది కొలతలకూ శుభ్రతకూ. ఖరీదైన పార్టుల వంతు ఆ తర్వాతే.

ఈ ఇంజన్నే ఎంచుకోవడానికి కారణం దాని బ్లాక్. 1997 సీసీ, 85 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 88 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), పోత ఇనుము బ్లాక్, అల్యూమినియం హెడ్. 1992లో వచ్చిన మొదటి లాన్సర్ ఎవల్యూషన్ కారు నుంచి తొమ్మిదో ఎవల్యూషన్ దాకా ఇదే కుటుంబం నడిచింది. 2007లో పదోది వచ్చినప్పుడు అల్యూమినియం బ్లాక్ ఉన్న 4బీ11కి మారారు. టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయిన కార్లలో ఉన్నది కూడా 4జీ63నే. ఇనుప బ్లాక్ బరువే, ఒప్పుకుంటాను. కానీ బూస్ట్, అంటే టర్బో లోపలికి నెట్టే గాలి పీడనం, పెంచినా బోర్ ఆకారం అంత తేలిగ్గా చెదరదు. అర మిల్లీమీటరు పెద్దది చేసి 85.5 మి.మీ. పిస్టన్లు వేసినా గోడలో చాలినంత మందం మిగులుతుంది.

ఇంట్లో కట్టడం అంటే అన్నీ ఇంట్లోనే అని కాదు. బోరింగ్ (సిలిండర్‌ని పెద్దది చేయడం), హోనింగ్ (దాని గోడని రాళ్లతో సన్నగా రుద్దడం), క్రాంక్ షాఫ్ట్ పాలిషింగ్ బయట మెషీన్ షాపులోనే చేయించాలి. అక్కడ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి, అది టార్క్ ప్లేటు. హెడ్ బిగించినప్పుడు ఆ బోల్టుల లాగుడుకు బోర్ గుండ్రం కొద్దిగా తప్పుతుంది. అందుకే హెడ్ స్థానంలో మందపాటి ప్లేటు బిగించి, ఆ ఒత్తిడిలోనే హోన్ చేయాలి. నేను మొదట వెళ్లిన చోట 'అవన్నీ రేసు బండ్లకండీ, మీకెందుకు' అన్నారు. బ్లాక్ వెనక్కి తెచ్చేసుకుని, ప్లేటు ఉన్న చోట ఇచ్చాను. ఇప్పటికీ ఆయిల్ లెవెల్ కదలకపోవడం చూస్తే ఆ తిరుగుడంతా దండగ కాలేదనిపిస్తుంది.

షాపు నుంచి బ్లాక్ మెరుస్తూ వస్తుంది గానీ శుభ్రంగా ఉన్నట్టు కాదు. హోనింగ్ రాళ్ల పొడి ఆ సన్నటి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతో కడిగితే పోదు. వేడినీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు, అంతే. తర్వాత తెల్లటి గుడ్డకి కొంచెం ఆయిల్ రాసి బోర్ లోపల తుడవాలి. గుడ్డ బూడిద రంగుకి తిరిగితే మళ్లీ కడగాలి. గుడ్డ తెల్లగానే తిరిగి వచ్చేదాకా ఇదే పని. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ ఊడదీసి, పొడుగాటి సన్న బ్రష్షుతో వాటినీ తోమాలి. కడగడం అయ్యాక గాలితో ఊది వెంటనే ఆయిల్ పట్టించాలి, లేకపోతే ఆ కొత్త ఇనుము మీద కళ్లముందే తుప్పు రంగు ఎక్కుతుంది. మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే, తొందరపడకూడనిదీ ఇదే.

బేరింగుల దగ్గర మైక్రోమీటర్ రీడింగు ఒక్కదాన్నే నమ్మలేదు, ప్లాస్టిగేజ్ కూడా వాడాను. మైనపు దారం లాంటి సన్నటి ప్లాస్టిక్ తీగ అది. చిన్న ముక్క తుంచి పొడిగా ఉన్న జర్నల్ (క్రాంక్‌లో బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) మీద పెట్టి, క్యాప్‌ని చెప్పిన టార్క్‌కి బిగించి, క్రాంక్ అసలు కదలకుండా మళ్లీ విప్పాలి. తీగ ఎంత వెడల్పుగా నలిగిందో దాని కవరు మీది గీతలతో పోల్చి చూస్తే సందు తెలుస్తుంది. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు సందు ఉండాలని పాత మెకానిక్కుల లెక్క. ఈ ఇంజన్లో రాడ్ జర్నల్ 45 మి.మీ. కాబట్టి 0.045 మి.మీ., మెయిన్ జర్నల్ 57 మి.మీ. కాబట్టి 0.057 మి.మీ. నాకు అన్నీ ఆ చుట్టుపక్కలే వచ్చాయి. క్రాంక్ ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో కూడా డయల్ గేజ్‌తో చూడాలి. 0.05 నుంచి 0.18 మి.మీ. మధ్య ఉండాలి, 0.25 దాటితే నడపకూడదు. క్లచ్‌కి గట్టి ప్రెషర్ ప్లేటు వేసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆ తోపుడంతా మధ్య మెయిన్ జర్నల్ దగ్గర, క్రాంక్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీదే పడుతుంది. నేను న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కకుండా స్టార్ట్ చేస్తాను. గేర్‌బాక్స్ దింపినప్పుడు మళ్లీ కొలిస్తే రీడింగు దాదాపు మొదటిదే వచ్చింది.

పిస్టన్లు ఫోర్జ్‌డ్, 2618 అల్యూమినియం మిశ్రమం. 4032 రకంలో సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ సాగుతుంది, అందుకని దానికీ బోర్ గోడకీ మధ్య సందు బిగువుగా పెట్టొచ్చు. 2618 ఎక్కువ సాగుతుంది కాబట్టి సందు ఎక్కువ ఇవ్వాలి, కానీ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) దెబ్బలకు అంత త్వరగా పగలదు. నేనిచ్చిన సందు 0.09 మి.మీ. దీని ఫలితం ఏమిటంటే చలి పొద్దుల్లో స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ టకటకమంటుంది, నీళ్లు వేడెక్కేసరికి ఆగిపోతుంది. ఈ శబ్దం వింటే టెన్షన్ పడేవాళ్లు 4032 వేసుకోవడమే మంచిది. కొత్తలో పక్కన కూర్చున్నవాళ్లు అడిగేవాళ్లు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు.

పిస్టన్ రింగుల కొసల మధ్య సందు డబ్బాలో వచ్చినట్టే వదిలేయకూడదు. ప్రతి రింగునీ దాని బోర్‌లోనే పెట్టి, పిస్టన్ తలతో నిటారుగా తోసి, ఫీలర్ గేజ్‌తో చూసి, కొద్దికొద్దిగా ఆకురాయి పెట్టాలి. టర్బోకి బోర్‌లో ప్రతి అంగుళానికీ సుమారు 0.005 అంగుళం లెక్క వేస్తే, ఇక్కడ పై రింగుకి 0.43 మి.మీ. వస్తుంది. సందు తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని పిస్టన్ గాడినే విరగ్గొడతాయి. కాస్త ఎక్కువైతే పోయేది కొంచెం గాలి మాత్రమే.

ఇంజన్ వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఇంజన్ని మాడిఫై చేసే చాలామంది వాటిని పీకేస్తారు. క్రాంక్‌కి రెండింతల వేగంతో తిరిగే రెండు షాఫ్టులు, వాటిలో ఒకదానికి వేరే చిన్న బెల్టు. ఆ బెల్టు తెగి టైమింగ్ బెల్టులో పడితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇక హెడ్ మళ్లీ దింపాల్సిందే. ఆ భయం న్యాయమైనదే. అయినా నేను ఉంచాను. రోజూ గంటల తరబడి కూర్చునే బండిలో స్టీరింగ్, పెడళ్లు అదురుతుంటే ఆ పికప్‌ని ఆస్వాదించలేం. ఉంచుకుంటే మాత్రం రెండు బెల్టులూ ఒకేసారి మార్చాలి, ఇంకో చిన్న పరీక్ష కూడా తప్పదు. ఆయిల్ పంపు స్ప్రాకెట్ గుర్తు కలిసినా షాఫ్టు సగం చుట్టు తప్పి ఉండొచ్చు. బ్లాక్ పక్కనున్న ప్లగ్ తీసి 8 మి.మీ. స్క్రూడ్రైవర్ దూర్చి చూడాలి. 60 మి.మీ. దాకా లోపలికి వెళ్తే సరిగ్గా ఉన్నట్టు. 20, 25 మి.మీ. దగ్గరే ఆగితే స్ప్రాకెట్ ఒక చుట్టు తిప్పి గుర్తు మళ్లీ కలపాలి. ఇది చూడకపోయినా ఇంజన్ నడుస్తుంది, కానీ విపరీతంగా వణుకుతుంది.

టర్బో విషయంలో నాకు దురాశ లేదు, ఒక బార్ బూస్ట్ దగ్గర ఆపేశాను. గాలిని రెండింతల పీడనానికి నొక్కితే, బయట 27 డిగ్రీలున్నా, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది దాదాపు 120 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. అందుకే పెద్ద టర్బో కొనాల్సిన డబ్బుతో మంచి ఇంటర్‌కూలర్ కొన్నాను. తేడా కనబడేది ఎండాకాలంలో. వరసగా రెండు మూడు సార్లు గట్టిగా లాగించినా పికప్ చచ్చుబడదు. టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం లావుగా, ఎక్కడా మెట్ట లేకుండా కిందికే దిగాలి. అది సరిగ్గా లేకపోతే కొత్త టర్బో కూడా పొగ పెడుతుంది, జనం టర్బోనే తిడతారు.

నాకు చిరాకు పెట్టినవి పేరూ ఊరూ లేని సిలికాన్ గొట్టాలు. ఏడాది తిరక్కుండానే ఆయిల్ ఆవిరికి లోపలి పొర ఉబ్బింది. క్లిప్పులు ఎంత బిగించినా జారేవి. ఈ కారులో గాలి కొలిచేది కార్మన్ వోర్టెక్స్ మీటరు, అది టర్బోకి ముందే ఉంటుంది. మధ్యలో గాలి కారిపోతే కంప్యూటర్‌కి తెలియదు, లేని గాలికి కూడా పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఇన్‌టేక్‌లోకి పంపుతో గాలి పట్టించి సబ్బునీళ్లు చల్లితే కారే చోట బుడగలొస్తాయి. గొట్టాలన్నీ మంచివి వేశాక ఆ గొడవ పోయింది. అయినా ప్రతి సర్వీసులోనూ ఈ పరీక్ష చేస్తాను.

ట్యూనింగ్‌లో నేను ఎక్కువగా నమ్ముకున్నది పొగగొట్టంలో గాలి, పెట్రోలు పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్. మామూలు నడకలో గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7 దగ్గర, పూర్తి బూస్ట్‌లో 11.5 దగ్గర ఉండేలా పెట్టాను. ఇంతకంటే పలచన చేస్తే, అంటే పెట్రోలు తగ్గిస్తే, ఇంకొంత పవర్ వస్తుందని చెప్పేవాళ్లున్నారు. రోజూ తిరిగే బండికి ఆ కొంతా నాకు అక్కర్లేదు. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, ఎన్‌జీకే బీపీఆర్7ఈఎస్, గ్యాప్ 0.7 మి.మీ. గ్యాప్ ఎక్కువుంటే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి బండి కొట్టుకుంటుంది.

నడపడం ఎలా ఉందంటే, 3,000 ఆర్‌పీఎం లోపల ఇది మామూలు రెండు లీటర్ల కారు. ఆ పైన సీటుకి ఆనించి లాక్కెళ్తుంది, 6,500 దాకా ఎక్కడా నీరసించదు. క్లచ్ బరువు ట్రాఫిక్‌లో కాలు నొప్పి పుట్టిస్తుంది, ఇది పోయే సమస్య కాదు. మైలేజీ పాదం మీద ఆధారపడి ఉంటుంది. గట్టిగా నడిపాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపుతాను, లేకపోతే టర్బో బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, వెలుతురులో చూస్తాను. మొదటి దానిలో కొత్త ఇంజన్ అరుగుదల పొడి కనబడింది, ఆ తర్వాతవన్నీ శుభ్రంగానే వచ్చాయి.

ఈ మధ్యే సిలిండర్లలో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే పీడనం) చూశాను. నాలుగు సిలిండర్ల మధ్య తేడా అయిదు శాతం లోపే ఉంది, హెడ్ గాస్కెట్ దగ్గర తడి లేదు. టర్బో షాఫ్ట్ పక్కకి కొద్దిగా ఆడుతోంది గానీ చక్రం గోడకి తగలడం లేదు, కాబట్టి దాన్ని కదపను. బెల్టులకి మాత్రం సమయం దగ్గరపడుతోంది. వాటితోపాటు హైడ్రాలిక్ టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంపు, ముందు సీళ్లు కలిపి మార్చేస్తాను, బూస్ట్ ఒక బార్ దగ్గరే ఉంటుంది.